నీట్ ముంగిట్లో మీ ఉత్తరాలు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు మెడిసిన్ సీట్ల ప్రవేశ పరీక్ష నీట్ గురించే. ముప్పై చిల్లర ఏళ్లు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పినదాన్ని కాబట్టి ‘ఈ పది రోజుల్లో ఏం చదవాలి మేడమ్’ అని అడగడం సహజమే. ఇప్పుడు కొత్తగా చదివేదేమీ లేదు. రెండేళ్లుగా బుర్రలోకి ఎక్కించినదాన్ని మధ్యాహ్నం రెండింటి నుంచి అయిదింటి దాకా, ఆ మూడు గంటల్లో, బయటికి తీయడం అలవాటు చేసుకోవడమే మిగిలింది. కింది జవాబులన్నీ ఆ ఒక్కదాని చుట్టూనే తిరుగుతాయి. విసుక్కోకండి.

ప్రశ్న: మేడమ్, నాది లాంగ్ టర్మ్ (ఇంటర్ అయ్యాక మళ్లీ నీట్ కోచింగ్). విజయవాడలో హాస్టల్లో ఉంటున్నాను. నెల కిందట గ్రాండ్ టెస్టులో (నమూనా పరీక్ష) 720కి 548 వచ్చింది. పోయిన వారం 477కి పడిపోయింది. పేపర్లో ఫిజిక్స్ ముందు చేయకపోతే మునిగిపోతామని సీనియర్లు చెబితే నెల నుంచి ఫిజిక్స్‌తోనే మొదలుపెడుతున్నాను. స్టడీ అవర్లలో కూడా ఎక్కువ ఫిజిక్సే చేస్తున్నాను. అయినా తగ్గుతోంది. నాన్న ఇంకో ఏడాది చదివించలేరు. రెండు టెస్టుల వివరాలూ పంపుతున్నాను. ఒకసారి చూడండి.
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: నాయనా, వివరాలు పంపి మంచి పని చేశావు. ‘మార్కులు తగ్గాయి’ అని మాత్రమే రాసి ఉంటే ధైర్యంగా ఉండమని నాలుగు మాటలు చెప్పి ఊరుకునేదాన్ని. అది నీకూ నాకూ దండగే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. నువ్వూ చూడు.

మొదటి టెస్టులో బయాలజీలో 90 ప్రశ్నలకి 81 కరెక్టు, 8 తప్పు, ఒకటి వదిలేశావు. కరెక్టుకి 4, తప్పుకి మైనస్ 1 లెక్కన 316 మార్కులు. కెమిస్ట్రీ 130. ఫిజిక్స్‌లో 27 కరెక్టు, 6 తప్పు, 12 వదిలేశావు. 102 మార్కులు.

రెండో టెస్టులో ఫిజిక్స్‌లో వదిలింది ఒక్కటే. కరెక్టు 29, తప్పు 15. మార్కులు 101. ఫిజిక్స్‌కి పట్టిన టైము 85 నిమిషాలని నువ్వే మార్జిన్‌లో రాసుకున్నావు. అంటే దాదాపు గంటన్నర దానికి ధారపోసి ఒక మార్కు పోగొట్టుకున్నావు. ఈలోగా బయాలజీ 316 నుంచి 265కి జారింది. 71 కరెక్టు, 19 తప్పు. కెమిస్ట్రీలోనూ 19 మార్కులు పోయాయి. తగ్గిన 71 మార్కుల్లో 51 బయాలజీవే. నెల రోజుల్లో నువ్వు బయాలజీ మర్చిపోలేదు. అలిసిపోయి, కంగారుగా, మిగిలిన టైములో దాన్ని కానిచ్చావు. అంతే జరిగింది.

మీ సీనియర్లకి ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. 2025 పేపర్లో ఫిజిక్స్ చాలామందిని ఏడిపించింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద టాప్ స్కోరే 686. అంతకు ముందు ఏడాది 720కి 720 వచ్చినవాళ్లున్నారు. దాంతో ‘ఫిజిక్స్ ముందు’ అనేది హాస్టళ్లలో మంత్రమైపోయింది. కానీ పేపరు కష్టంగా వస్తే నీ ఒక్కడికే కష్టం కాదు, అందరి మార్కులూ తగ్గుతాయి. చివరికి లెక్కకొచ్చేది ర్యాంకు. కష్టమైన ఫిజిక్స్ వచ్చిన రోజున బయాలజీలో 320 చేతిలో ఉన్నవాడే నిలబడతాడు.

కాబట్టి పాత పద్ధతికి వచ్చేయ్. ముందు బయాలజీ. యాభై నిమిషాలు, మహా అయితే యాభై అయిదు. తర్వాత కెమిస్ట్రీ. ఆఖరికి ఫిజిక్స్, దానికి గంట మిగిలితే చాలు. 45 ప్రశ్నలూ చేయాలన్న పట్టుదల వదులు. మొదటి చుట్టులో చూడగానే దారి తెలిసినవి చెయ్యి. రెండో చుట్టులో లెక్క పొడుగైనా ఫార్ములా తెలిసినవి. మూడో చుట్టు రాకపోయినా దిగులు పడకు.

ఇంకో పని. ఆ 47 తప్పుల్నీ మూడు కుప్పలు చెయ్యి. అసలు తెలియనివి ఒక కుప్ప, తెలిసీ పొరబడ్డవి ఒకటి, గుడ్డిగా పెట్టినవి ఒకటి. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే రెండో కుప్పే పెద్దదని నా అనుమానం. ‘కానిది ఏది’ అన్న ప్రశ్నని ‘అయినది ఏది’ అని చదవడం, జతపరచడంలో ఒక జత కుదరగానే మిగతావి చూడకుండా ఆప్షన్ పెట్టేయడం, నిశ్చితం–కారణం బిట్లలో రెండూ నిజమే కాబట్టి అది దీనికి కారణమనేసుకోవడం. ఇవన్నీ ఆ కుప్పలోవే. దానికి మందు చదువు కాదు. ప్రశ్న చివరి లైను కింద పెన్నుతో గీత పెట్టడం అలవాటు చేసుకో, సగం తప్పులు అక్కడే ఆగుతాయి. మొదటి కుప్పలోంచి మాత్రం రోజుకి ఓ అయిదారు తీసుకుని ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలో ఆ పేరా, ఆ పక్క బొమ్మ, బొమ్మ కింది వాక్యం చదువు.

ఇక గ్రాండ్ టెస్టులు రోజూ పెడుతున్నారని రాశావు. ఆఖరి మూడు రోజులూ రాయకు. వార్డెన్ కాదంటే నా పేరు చెప్పు. ఆయన నన్నెరగడనుకో, అయినా చెప్పు. నాన్నగారి సంగతి నాకర్థమైంది. దాన్ని పరీక్ష అయ్యాక మాట్లాడుకుందాం, అప్పుడు ఇంకో ఉత్తరం రాయి.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి రాత్రి మూడింటి దాకా చదువుతుంది. పదింటికి లేస్తుంది. మధ్యాహ్నం అన్నం తిని మళ్లీ పడుకుంటుంది. రాత్రి ప్రశాంతంగా ఉంటుంది, బాగా ఎక్కుతుంది అంటుంది. పరీక్ష రోజు పొద్దున్నే లేచేస్తాలే అంటోంది. అడిగితే కోపం. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, రాత్రి ఎక్కుతుందన్నది అబద్ధం కాదు. కానీ పరీక్ష రాత్రి పెట్టరు కదా. మీ అమ్మాయి ఏ వేళకి రోజూ దుప్పటి కప్పుకుంటోందో సరిగ్గా ఆ వేళకే ప్రశ్నపత్రం చేతికొస్తుంది. అలారం పెడితే లేవొచ్చు గానీ, మధ్యాహ్నం మూడింటికి బుర్ర ఆవలించడం మాత్రం ఆపలేదు. ఒంటికున్న గడియారం ఒక్క రోజులో తిరగదు.

ఒకేసారి ‘పదింటికే పడుకో’ అంటే పడుకోదు. పడుకున్నా నిద్ర పట్టదు. పడుకునే టైముని రాత్రికి ఓ అరగంట, నలభై నిమిషాల చొప్పున ముందుకి తీసుకురండి. పొద్దున లేచే టైముని ముందు జరిపితే రాత్రి నిద్ర దానంతటదే ముందుకొస్తుంది. లేవగానే డాబా మీదో వాకిట్లోనో కాసేపు ఎండ తగలనివ్వండి. సాయంత్రం అయిదు దాటాక కాఫీ, టీ ఇవ్వకండి. రెండు నుంచి అయిదు దాకా పాత ప్రశ్నపత్రాలు టైము పెట్టుకుని చేయించండి. ఆ మూడు గంటలూ ఏసీ ఆపమంటే కోప్పడుతుందేమో గానీ, పరీక్ష హాల్లో చాలాచోట్ల పైన ఫ్యానే ఉంటుంది. మే నెల ఎండ సంగతి కరీంనగర్ వాళ్లకి నేను చెప్పాలా.

తిండి గురించి ఎవరూ పట్టించుకోరు. గేటు ఒంటిగంటన్నరకి మూస్తారు. తనిఖీలు, వరుసలు కలుపుకుని పన్నెండు లోపే అక్కడుండాలి. అంటే పిల్ల ఇంట్లో ఆఖరిగా తినేది పది ముప్పావు, పదకొండింటికి. బయటికొచ్చేది అయిదు దాటాక. ఆరు గంటలు! మామూలు రోజుల్లో ఒంటిగంటకి భోంచేసే పిల్లకి ఆ రోజు నాలుగింటికి కళ్లు తిరగడం వింతేమీ కాదు. ఇప్పటి నుంచే ఎనిమిదింటికి టిఫిను, పదకొండింటి లోపు అన్నం అలవాటు చేయండి. పప్పన్నం, కాస్త కూర, పెరుగన్నం. ఆ రోజు ప్రత్యేకంగా ఏదీ వండకండి. దేవుడి దగ్గర పెట్టిన పులిహోర సాయంత్రం తినొచ్చు.

కోపం గురించి. చదువు మాట మీరు ఎత్తకండి. టైముకి అన్నం పెట్టి, లైటు ఆపేసి ఊరుకోండి. చుట్టాలు ఫోన్ చేసి ‘ఎలా ప్రిపేరయింది’ అని అడిగితే మీరే మాట్లాడి పెట్టేయండి. ఫోను పిల్లకి ఇవ్వొద్దు. పిన్ని అయినా సరే, మేనత్త అయినా సరే.

ప్రశ్న: మేడమ్, బబ్లింగ్ (ఓఎంఆర్ జవాబుపత్రంలో గుండ్రాలు దిద్దడం) ఎప్పటికప్పుడు చేయాలా, చివర్లో ఒకేసారి చేయాలా? మా సార్లు ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారు. అలాగే, తెలియని బిట్లు వదిలేయాలా, ఏదో ఒకటి పెట్టాలా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: రెండూ వద్దు తల్లీ. ఎదురెదురుగా తెరుచుకున్న రెండు పేజీల్లో ఉన్న ప్రశ్నలు చేసి, జవాబులు బుక్‌లెట్‌లోనే గుర్తు పెట్టుకుని, పేజీ తిప్పే ముందు వాటిని ఓఎంఆర్‌లో దిద్దు. ఒక్కొక్క ప్రశ్నకీ కాగితం మారుస్తుంటే దృష్టి చెదురుతుంది. అన్నీ చివర్లో అంటే జరిగేది నా కళ్లతో చూశాను.

ఒక ఏడాది ఇన్విజిలేషన్‌లో నా గదిలో కిటికీ పక్క బెంచీలో ఓ కుర్రాడు. మంచి చురుకైనవాడు, పెన్ను ఆగలేదు. ఇంకో ఇరవై నిమిషాలుందనగా బబుల్స్ మొదలుపెట్టాడు. బుక్‌లెట్ మీద ఎడమ చేతి వేలు, ఓఎంఆర్ మీద కుడి చేతి పెన్ను, టకటకా దిద్దుకుపోతున్నాడు. మధ్యలో ఒక ప్రశ్న వదిలేసినట్టున్నాడు. వేలు దాన్ని దాటింది, పెన్ను దాటలేదు. చాలా దూరం వెళ్లాక చూసుకున్నాడు. ఒక వరస మొత్తం ఒక గడి పైకి జరిగిపోయింది. చెరపడానికి లేదు, వైట్‌నర్ పెట్టకూడదు, ఇంకో షీటు ఇవ్వరు. నా వైపు చూశాడు. నేనేం చేయగలను? చేతిలో ఉన్న అట్టముక్కతో వాడికి కాసేపు విసిరాను, అంతే.

ఓఎంఆర్ బుక్‌లెట్ లోపలే ఉంటుంది. తెరవమన్నాక బయటికి తీసి, బుక్‌లెట్ మీది కోడూ ఓఎంఆర్ మీది కోడూ ఒకటేనా అని చూడు. తేడా ఉంటే అప్పుడే చెయ్యెత్తు, మారుస్తారు. పెన్ను వాళ్లే ఇస్తారు. సరిగా రాయకపోతే మొహమాటపడకుండా ఇంకోటి అడుగు. ఇంట్లో సాధనకి మాత్రం ఓఎంఆర్ ప్రింట్లు తీయించుకో. గుండ్రాలు దిద్దడానికి 180 ప్రశ్నలకి ఎంత టైము పడుతోందో నీకే ఆశ్చర్యం వేస్తుంది.

తెలియని బిట్లకి వద్దాం. కరెక్టుకి 4, తప్పుకి మైనస్ 1. లెక్క వేద్దాం. పది ప్రశ్నల్లో రెండేసి ఆప్షన్లు కొట్టేయగలిగావనుకో. మిగిలిన రెండింట్లో ఏదో ఒకటి పెడితే సగటున అయిదు కరెక్టు, అయిదు తప్పు. ఇరవైలోంచి అయిదు పోతే పదిహేను మార్కులు. వదిలేస్తే సున్నా. కాబట్టి రెండు కొట్టేయగలిగితే తప్పక పెట్టు. ఏమీ తెలియకుండా పన్నెండు ప్రశ్నలు పెడితే సగటున మూడు కరెక్టు, తొమ్మిది తప్పు, మిగిలేవి మూడు మార్కులు. నష్టం లేదు గానీ అదృష్టం వంకరగా ఉంటే మైనస్‌లోకి పోతుంది. దానికోసం టైము ఖర్చు పెట్టకు. నిజంగా ముంచేవి గుడ్డిగా పెట్టినవి కావు, ‘ఎక్కడో చదివానే’ అనిపించేవి. ప్రశ్న తయారుచేసేవాళ్లు తప్పు ఆప్షన్లు రాసేది ఆ సగం జ్ఞాపకం కోసమే.

ప్రశ్న: నేను తెలుగు మీడియం. పాడేరు దగ్గర మాది. ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లిష్‌లో చదవమంటున్నారు ఫ్రెండ్స్. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు వదిలేయాలా?
– ఒక విద్యార్థి, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: ఇప్పుడు పుస్తకం మార్చకు బాబూ. దరఖాస్తులో తెలుగు ఎంచుకున్నావు కాబట్టి నీ బుక్‌లెట్‌లో ప్రతి ప్రశ్నా తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటుంది. రెంటికీ తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నకే విలువ. అందుకని తెలుగు వాక్యం మెలికపడి ఉంటే దాంతో కుస్తీ పట్టకుండా పక్కన చూసెయ్. దానికి ఈ నాలుగు రోజులూ పాత నీట్ పేపర్ల రెండు భాషల ప్రతులు దగ్గర పెట్టుకుని రోజుకో గంట చూస్తే సరిపోతుంది.

సిలబస్ ఒక్కసారి సరిచూసుకో. 2024 నుంచి నీట్‌లో కొన్ని పాఠాలు తీసేశారు. మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ, జీర్ణక్రియ–శోషణ, ఆహారోత్పత్తి పెంపు వ్యూహాలు వాటిలోవే. ఇంటర్‌కి చదివావని, సీనియర్ల నోట్సులో ఉన్నాయని ఇప్పుడు వాటి మీద కూర్చోకు.

సెంటరు విశాఖలో పడిందని రాశావు. ముందు రోజు సాయంత్రానికే దిగిపో. ఘాట్ రోడ్డు బస్సు మీద నమ్మకం పెట్టుకుని పరీక్ష రోజు పొద్దున్నే బయల్దేరకు.

ప్రశ్న: మేడమ్, ఇది అమ్మతో తప్ప ఎవరితోనూ అనలేను. నా నెలసరి తేదీ సరిగ్గా పరీక్ష రోజే వస్తోంది. నాకు మొదటి రోజు బాగా నొప్పి. వాయిదా వేసే మాత్రలు మెడికల్ షాపులో దొరుకుతాయని ఫ్రెండ్ చెప్పింది. వేసుకోవచ్చా?
– పేరు వద్దు

జవాబు: షాపులో కొని సొంతంగా వేసుకోవద్దమ్మాయ్. అవి హార్మోను మాత్రలు. కొందరికి తలనొప్పి, వికారం, కడుపుబ్బరం వస్తాయి. కొందరు అసలు వేసుకోకూడదు. పైగా తేదీకి ముందే మొదలుపెట్టాలి, ఆ రోజు వేసుకుంటే పనిచేయవు. అంతగా భయమనిపిస్తే ఈ వారమే అమ్మని తీసుకుని గైనకాలజిస్టు దగ్గరికెళ్లు. వెళ్లే తీరిక లేకపోతే మాత్రల సంగతే మర్చిపో.

నొప్పికి ఎప్పుడూ ఏ మాత్ర పడుతుందో అదే, అన్నం తిన్నాక వేసుకుని వెళ్లు. కొత్త బ్రాండు ఆ రోజు ప్రయోగం చేయకు. ఆడపిల్లల్ని తనిఖీ చేసేది ఆడవాళ్లే, అదీ తెర చాటున. ఆవిడకి ఉన్న మాట చెప్పెయ్, సిగ్గుపడాల్సిందేం లేదు. పొట్టి చేతుల వదులు కుర్తీ, చెప్పులు. బూట్లూ ఫుల్ హ్యాండ్సూ వద్దు. హాల్లో కూర్చునే ముందే బాత్రూముకి వెళ్లిరా. పరీక్ష మొదలైన మొదటి గంటలోనూ ఆఖరి అరగంటలోనూ పంపరు.

ప్రశ్న: మావాడు పరీక్ష అవగానే ఆ రాత్రే కీ (సరైన జవాబుల జాబితా) చూసుకుంటానంటున్నాడు. చూడనివ్వాలా? రెండు వారాల్లో రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కూడా ఉంది.
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: బుక్‌లెట్ ఇంటికి తెచ్చుకోనిస్తారు కాబట్టి చూడకుండా ఉండడు. ఆపలేరు. కానీ ఆ రాత్రి యూట్యూబ్‌లో వచ్చేవి కోచింగ్ సెంటర్ల కీలు. ఒకదానికొకటి పొంతన ఉండదు. నీట్ నిర్వహించే సంస్థ ఎన్‌టీఏ తర్వాత ప్రాథమిక కీ, స్కాన్ చేసిన ఓఎంఆర్ పెడుతుంది. కీలో తప్పుందనిపిస్తే ప్రశ్నకి 200 రూపాయలు కట్టి అభ్యంతరం పెట్టొచ్చు. అప్పటిదాకా వచ్చే స్కోరు అంచనా మాత్రమే.

ఈఏపీసెట్‌కి వాడి అలవాటు కొన్ని మార్చాలి. అది కంప్యూటర్ మీద. మూడు గంటల్లో 160 ప్రశ్నలు. బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ నలభై చొప్పున. అంటే ప్రశ్నకి నిమిషం పైన టైముంటుంది. అకాడమీ పుస్తకాలు మళ్లీ పైకి తీయాలి, నీట్ కోసం పక్కన పెట్టిన పాఠాలు ఈఏపీసెట్ సిలబస్‌లో ఉన్నాయేమో చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, అందులో నెగెటివ్ మార్కులు లేవు. నీట్ భయంతో బిట్లు వదిలేయడం అలవాటైన పిల్లలు అక్కడా వదిలేసి వస్తుంటారు. మీవాడికి బయల్దేరేటప్పుడు ఇంకోసారి చెప్పండి, తెలిసినా తెలియకపోయినా 160కీ జవాబు పెట్టి లేవమని.